కాలయంత్రం ముందు ప్రేక్షకులు: ఒకే కథకు వేర్వేరు స్పందనలు

రససిద్ధాంతం గురించిన పాఠాల్లో మీరు సహృదయుడు అనే మాట చాలాసార్లు చదివి ఉంటారు. కావ్యాన్ని కవి హృదయంతో సమానమైన హృదయంతో అందుకోగలవాడు సహృదయుడు అని నిర్వచనం రాసి, మార్కులు కూడా తెచ్చుకుని ఉంటారు. కానీ ఒకే గదిలో, ఒకే తెర ముందు నలుగురు కూర్చుంటే ఒకరు ఏడుస్తారు, ఒకరు నవ్వుతారు, ఒకరు తప్పులు లెక్కపెడతారు, ఒకరు లేచి వెళ్లిపోతారు. వీరిలో సహృదయులెవరు? ఈ ప్రశ్నకు నిర్వచనంలో జవాబు దొరకదు. ఈ పాఠంలో ఆ జవాబును ఒక సైన్స్ ఫిక్షన్ కథ దగ్గర వెతుకుదాం. ఉదాహరణలు ప్రాచీన కావ్యాల నుంచి మాత్రమే తీసుకోవడం లేదు. మీలో ఎక్కువమంది ఇంట్లో టీవీలోనో, హాస్టల్ గదిలో ఫోన్‌లోనో చూసే కథల నుంచి తీసుకుంటున్నాను.

కథ, దాని నియమం

తెలుగు ప్రేక్షకులకు కాలయంత్రాన్ని ఇంటింటా పరిచయం చేసింది 1991లో వచ్చిన సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369'. అందులో యంత్రం శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళుతుంది, తర్వాత 2504వ సంవత్సరానికి వెళుతుంది. రాయల సభను చూడడం మనందరి కోరిక. అది ఏ ఒక్కరి సొంత గతమూ కాదు. అందుకే ఆ సినిమాలో ప్రధానంగా పనిచేసేది అద్భుతరసం. ఆనాడు థియేటర్‌లో ఆ యంత్రాన్ని చూసి ఏడ్చినవారెవరూ నాకు తెలియదు.

2022 సెప్టెంబర్‌లో విడుదలైన శ్రీకార్తీక్ 'ఒకే ఒక జీవితం' అదే యంత్రాన్ని వేరే పనికి వాడుకుంది. ఇది తమిళంలో 'కణం' పేరుతో వచ్చింది. ఆది (శర్వానంద్) మంచి గాయకుడు. కానీ వేదిక ఎక్కితే గొంతు పెగలదు. ఇరవై ఏళ్ల కిందట ప్రమాదంలో తల్లిని (అమల) పోగొట్టుకున్నాడు. శాస్త్రవేత్త పాల్ (నాజర్) తయారుచేసిన యంత్రంలో ఆది, అతని ఇద్దరు స్నేహితులు 1998కి వెళతారు. తల్లిని కాపాడుకోవడం ఆది కోరిక. ఇళ్ల బ్రోకర్ శ్రీను (వెన్నెల కిశోర్) చిన్నప్పటి తనకు బుద్ధి చెప్పి చదివించాలనుకుంటాడు. పెళ్లి సంబంధాలు కుదరని చైతు (ప్రియదర్శి) చిన్నప్పుడు కాదనుకున్న అమ్మాయిని ఈసారి వదులుకోకూడదనుకుంటాడు. అక్కడ రాయల సభ లేదు, భవిష్య నగరం లేదు. ఒక మధ్యతరగతి ఇల్లు, ఒక వంటిల్లు, స్కూలుకు వెళ్లే ముగ్గురు పిల్లలు మాత్రమే ఉన్నారు. ముప్పై ఏళ్లలో మన కాలయంత్రం అద్భుతం నుంచి కరుణకు ప్రయాణించిందని చెప్పవచ్చు.

ఇది థియేటర్లలో విడుదలైన సినిమా. అయితే నేను చెప్పబోయే ప్రేక్షకులంతా దాన్ని తర్వాత ఇంట్లో, టీవీ తెర మీద చూసినవారే. ఆ తేడా ఎందుకు ముఖ్యమో ముందు ముందు తెలుస్తుంది.

సైన్స్ ఫిక్షన్ గురించి రాసినవారిలో డార్కో సువిన్ ముఖ్యుడు. ఈ రకం కథలో ఒక 'కొత్త సంగతి' ఉండాలి, అది మన లోకంలో లేనిదై ఉండాలి, కానీ కథలోపల దానికి ఒక తర్కం ఉండాలి అని 1979లో వచ్చిన తన పుస్తకంలో వాదించాడు. ఆ కొత్త సంగతి వల్ల, రోజూ చూసే మన బతుకే అపరిచితంగా కనిపించి ఆలోచనలో పడతాం. మన కథలో ఆ కొత్త సంగతి యంత్రం. నియమం ఏమిటంటే, గతానికి వెళ్లవచ్చు, చూడవచ్చు, మాట్లాడవచ్చు, కానీ మరణాన్ని తప్పించడం మాత్రం మనిషి చేతిలో లేదు. ఆది తల్లిని దక్కించుకోలేడు. ప్రేక్షకులు చీలిపోయేది సరిగ్గా ఈ నియమం దగ్గరే.

ఆదివారం తరగతి

పదవీ విరమణ తర్వాత కొంతకాలం దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కళాశాలలో ఆదివారాలు సంప్రదింపు తరగతులు చెప్పాను. ఆ ప్రాంతం తెలిసినవారికి వర్ణన అక్కర్లేదు. తెలియనివారికి ఒక మాట. అక్కడ ప్రతి మేడకూ ఒక కోచింగ్ సెంటర్ బోర్డు, ప్రతి సందులో ఒక హాస్టల్. నల్లగొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చే బస్సులు ఎల్బీనగర్‌లో దింపితే, సంచీ భుజాన వేసుకుని మెట్రోలోనో షేర్ ఆటోలోనో చేరుకునే పిల్లలు. నా తరగతికి వచ్చేవారు మాత్రం ఎక్కువగా పిల్లలు కాదు. పని చేసుకుంటూ, సంసారం చూసుకుంటూ, ఆగిపోయిన చదువును మళ్లీ అందుకున్నవారు.

కరుణరసం పాఠానికి ఉదాహరణగా ఈ సినిమా చూసి రమ్మని చెప్పాను. మరుసటి ఆదివారం తరగతిని ఒక తప్పు ప్రశ్నతో మొదలుపెట్టాను. "ఎంతమందికి కన్నీళ్లొచ్చాయి? చేతులెత్తండి."

సగం చేతులు లేచాయి. లేపనివాళ్లు ఏదో నేరం చేసినట్టు తలలు వంచుకున్నారు. రసానుభూతిని చేతుల లెక్కకు దించితే ఏమవుతుందో అప్పుడే నాకు తెలిసి ఉండాల్సింది.

చెయ్యెత్తనివారిలో ఒకాయన ప్రైవేటు స్కూల్లో భౌతికశాస్త్రం చెబుతారు. తెలుగు మీద ప్రేమతో బీఏ చదువుతున్నారు. ఆయన అభ్యంతరం సూటిగా ఉంది. కథ మధ్యలో, పెద్దవాళ్లు 1998లో ఉండగానే, చిన్న ముగ్గురూ అదే యంత్రం ఎక్కి వర్తమానంలోకి వచ్చేస్తారు. "అయితే చిన్నప్పుడు భవిష్యత్తుకు వెళ్లొచ్చిన సంగతి ఈ పెద్ద ముగ్గురికీ మొదటి నుంచీ గుర్తుండాలి కదా సార్? అక్కడే నాకు తాడు తెగింది. ఆ తర్వాత అమ్మ కనిపించినా నేను లెక్కలే వేసుకుంటున్నాను."

ఎల్బీనగర్, నాగోలు వైపు భోజనం డెలివరీ చేసే అబ్బాయి ఈ సినిమా కంటే 'కుడి ఎడమైతే' గురించి ఎక్కువ మాట్లాడాడు. పవన్ కుమార్ దర్శకత్వంలో 2021లో ఆహాలో వచ్చిన ఎనిమిది భాగాల సిరీస్ అది. పేరు 1953 నాటి 'దేవదాసు' పాటను గుర్తుచేస్తుంది. ఒక పోలీసు అధికారిణి (అమలాపాల్), ఒక డెలివరీ కుర్రాడు (రాహుల్ విజయ్) ఒకే రోజులో చిక్కుకుని, ఆ రోజునే మళ్లీ మళ్లీ బతుకుతుంటారు. హాస్టల్‌లో స్నేహితులు మూడో భాగానికే విసిగిపోయారట, చూసిందే చూపిస్తున్నాడని. ఇతను మాత్రం ఒక్క రాత్రిలో ఎనిమిదీ చూశాడు. "వాళ్లకది బోరు సార్. నాకు రోజూ అదే రోడ్డు, అదే సిగ్నల్, అదే లిఫ్టు. ఏది మారిందా అని చూడ్డం నాకు అలవాటే" అన్నాడు. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. అతను చెప్పినదాంట్లో విమర్శ ఉందని నాకు అప్పుడు తోచలేదు. పునరావృత్తిని నిర్మాణ సూత్రంగా పెట్టుకున్న రచనను చూసే పద్ధతి అదే. తిరిగి వచ్చినదాన్ని కాదు, తిరిగి వచ్చినప్పుడు మారినదాన్ని చూడాలి. ఆ మాటను అతను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

సరూర్‌నగర్ నుంచి వచ్చే ఒకామె ఉన్నారు. నలభై దాటాయి, ఇంట్లోనే బట్టలు కుడతారు. పదో తరగతితో చదువు ఆపేశారు. కూతురు ఇంజనీరింగ్‌లో చేరాక తాను డిగ్రీలో చేరారు. ఆమె చెయ్యెత్తారు. తల్లి చనిపోయే ఘట్టం గురించి చెబుతారనుకున్నాను. "అమ్మ దగ్గర నాకు రాలేదు సార్. పెద్ద శ్రీను చిన్న శ్రీను వెనకాల పడతాడే, చదువుకోరా అని, అక్కడొచ్చింది. మా ఇంట్లో అందరూ పగలబడి నవ్వుతున్నారు. నేను మిక్సీ వేసే వంకతో వంటింట్లోకి పోయాను."

వెనక బెంచీలో ఒకాయన చివరిదాకా మాట్లాడలేదు. కోణార్క్ థియేటర్ దగ్గర చిన్న కొట్టు ఉండేది ఆయనకు. తరగతి అయ్యాక మెట్ల దగ్గర ఆగి, సగంలోనే టీవీ కట్టేశానని చెప్పారు. సినిమా బాగాలేక కాదట. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర రెండు బాంబులు పేలాయి. ఆ రోజు ఆయన ఏదో పని ఉండి కొట్టు తొందరగా కట్టేసి వెళ్లిపోయారు. పక్క కొట్టు ఆయన ఉండిపోయాడు. "నేను వెనక్కి పోగలిగితే ఏం చేస్తానో నాకు తెలుసు సార్. సినిమా చూపించక్కర్లేదు" అని మెట్లు దిగి వెళ్లిపోయారు.

నేను దిద్దిన జవాబు

తర్వాత అందరూ ఈ సినిమా మీద అసైన్‌మెంట్ రాశారు. బట్టలు కుట్టే ఆమె జవాబు ఆరు పేజీలు. అందులో నాలుగు పేజీలు శ్రీను గురించి, తన చదువు ఆగిన సంవత్సరం గురించి. నేను ఎర్ర సిరాతో "ఇది మీ కథ, విమర్శ కాదు" అని రాసి, ఇరవైకి తొమ్మిది వేశాను.

అప్పుడు నా దగ్గర ఒక శాస్త్రప్రమాణం కూడా ఉంది. దాన్ని మీరు తప్పక తెలుసుకోవాలి. భరతుని నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాసిన కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు, రసాస్వాదనకు ఏడు విఘ్నాలను చెప్పాడు. మనకు ఇక్కడ మొదటి మూడూ చాలు. మొదటిది, చూస్తున్నది జరగడానికి వీలున్నదని మనసు ఒప్పుకోకపోవడం. రెండోది, చూస్తున్న సుఖదుఃఖాలు నావనో, ఫలానా మరొకరివనో ఒక దేశానికీ కాలానికీ కట్టివేయడం. మూడోది, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకు వశమై ఉండడం. ఇప్పుడు నా తరగతిని చూడండి. భౌతికశాస్త్రం అయ్యవారిది మొదటి విఘ్నం. కొట్టు ఆయనది రెండోది. ఆమెది మూడోది. ఎంత చక్కగా సరిపోయింది! నేను సంతోషించాను. గడులు ఉంటే మనుషులను వాటిలో కూర్చోబెట్టడం అధ్యాపకులకు అలవాటు.

ఆమె జవాబుపత్రం తీసుకుని, నా రాతను చదివి, నిలబడే అడిగారు. "ఎక్కడ ఏడవాలో కూడా సిలబస్‌లో ఉంటుందా సార్?"

కోపంతో అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. "అది కాదమ్మా" అని మొదలుపెట్టాను గానీ, తర్వాత ఏం చెప్పానో నాకే సరిగ్గా గుర్తులేదు.

ఇంటికి వెళ్లి అభినవగుప్తుణ్ని మళ్లీ తీశాను. విద్యార్థులకు ఏళ్లతరబడి చెప్పిన భాగమే. విఘ్నాలను లెక్కపెట్టి ఆయన ఊరుకోలేదు. ఒక్కొక్కదానికి విరుగుడు చెప్పాడు. నమ్మకం కలగడానికి లోకప్రసిద్ధమైన కథావస్తువు ఉండాలి. నాది, పరులది అనే పట్టు సడలడానికి పూర్వరంగం, వేషధారణ, నాట్యధర్మి పద్ధతులు ఉన్నాయి. సొంత దుఃఖంలో మునిగి ఉన్నవాణ్ని అందులోంచి పైకి తీయడానికి పాట, వాద్యం, అలంకరించిన రంగశాల ఉన్నాయి. అంటే విఘ్నాన్ని తొలగించే పని ప్రదర్శనది. ప్రేక్షకుడు తన బాధను చెప్పులతోపాటు బయట వదిలి రావాలని ఆయన శాసించలేదు. ఆ శాసనం నేను కలిపింది.

ఇక్కడే టీవీ తెర సంగతికి రావాలి. థియేటర్‌లో చీకటి ఉంటుంది, తలుపులు మూసి ఉంటాయి, చుట్టూ వందలమంది ఒకేసారి నవ్వుతారు, ఒకేసారి నిశ్శబ్దమవుతారు. అభినవగుప్తుడు చెప్పిన రంగశాల పని చాలావరకు ఆ హాలు చేస్తుంది. ఇంట్లో ఆ విరుగుడు లేదు. లైటు వెలుగుతుంటుంది, కుక్కర్ కూస్తుంటుంది, ఫోన్ మోగుతుంటుంది. ఏడిస్తే పిల్లలు చూస్తారు. ఎవరి బతుకు వారి చుట్టూ అలాగే ఉండగా, దాని మధ్యలో కథ నడుస్తుంది. కాబట్టి ఇంటి తెర ముందు స్పందనలు ఎక్కువగా చీలడం సహజం. పైగా ఇది మామూలు కథ కాదు. వెనక్కి వెళ్లే అవకాశం వస్తే నువ్వేం మారుస్తావు అని ప్రతి ప్రేక్షకుణ్నీ పేరుపేరునా అడిగే కథ. సొంత బతుకును గుర్తుచేసుకోమని కథే అడిగి, గుర్తుచేసుకున్నవారిని రసభంగం చేశారని నేను తప్పుపట్టాను.

ఆ తర్వాత ఆమె చెప్పిన ఘట్టాన్ని దృష్టిలో పెట్టుకుని సినిమా మళ్లీ చూశాను. ముగ్గురి కోరికల్లో ఆదిది మరణంతో పోరాటం. అది యంత్రం ఉన్నా గెలవలేనిది. శ్రీను కోరికకు మాత్రం యంత్రమే అక్కర్లేదు. ఒక పెద్దమనిషి ఒక పిల్లవాడి పక్కన కూర్చుని చదివిస్తే చాలు. ఏ ఊళ్లోనైనా, ఏ సంవత్సరంలోనైనా జరగగలిగిన పని. జరగలేదు, అంతే. సినిమా ఆ కోరికను హాస్యానికి కేటాయించింది. వెన్నెల కిశోర్ నటన బాగుంది కాబట్టి మనం నవ్వుతాం, నవ్వడంలో తప్పు లేదు. కానీ విధిని ఎవరూ మార్చలేరన్న మాటను తల్లి మరణం దగ్గర అంత గంభీరంగా చెప్పిన సినిమా, మార్చగలిగినదాన్ని ఎవరూ మార్చలేదన్న విషయం దగ్గర నవ్వించి తప్పుకుంది. ఈ సినిమా మీద నా ప్రధానమైన ఫిర్యాదు ఇప్పుడు ఇదే. నాకు ఈ చూపు ఇచ్చింది ఆ తొమ్మిది మార్కుల జవాబు.

అయితే ఆ జవాబులో లోపం లేదని కాదు. ఆమె శ్రీను నుంచి తన కథలోకి వెళ్లి, మళ్లీ శ్రీను దగ్గరకు తిరిగి రాలేదు. తిరిగి వచ్చి, అందరూ నవ్విన చోట తనకు ఏడుపు ఎందుకు వచ్చిందో సన్నివేశంలో చూపించి ఉంటే అది గొప్ప విమర్శ అయ్యేది. నేను ఎర్ర సిరాతో రాయాల్సింది ఆ మాట. మార్కులు అప్పటికే పంపేశాను. మార్చే వీలు లేకపోయింది.

భవభూతి చూపిన ప్రేక్షకులు

స్పందనలు చీలడం టీవీతో మొదలైంది కాదు. ఎనిమిదో శతాబ్దపు భవభూతి 'ఉత్తరరామచరితం' మొదటి అంకాన్ని ఈ దృష్టితో మళ్లీ చదవండి. సీతారామలక్ష్మణులు తమ గతాన్నే చిత్రాలుగా చూస్తారు. అదీ ఒక రకం కాలయానమే. పెళ్లినాటి చిత్రంలో తన భార్య ఊర్మిళను సీత చూపించి ఎవరని అడిగితే, లక్ష్మణుడు సిగ్గుపడి మరో చిత్రం వైపు మళ్లిస్తాడు. జనస్థానం చిత్రాలు వచ్చేసరికి, సీత పక్కనే ఉన్నా రాముడు వియోగదుఃఖంలో పడిపోతాడు. ఒకే గోడ ముందు ఒకరు దాటవేశారు, ఒకరు కుమిలిపోయారు. ఏడో అంకంలో వాల్మీకి రచించిన నాటకాన్ని చూస్తూ రాముడు అది నిజమనుకుని మూర్ఛపోతాడు. ఇది నాటకమని లక్ష్మణుడు గుర్తుచేయవలసి వస్తుంది. నా కొలత ప్రకారం రాముడికి కూడా తొమ్మిది మార్కులే రావాలి.

ఆధునిక సిద్ధాంతాల్లో స్టువర్ట్ హాల్ పేరు మీరు మాధ్యమాల పాఠంలో చదువుతారు. ప్రసారమైన సందేశాన్ని ప్రేక్షకుడు పంపినవారి ఉద్దేశం ప్రకారం స్వీకరించవచ్చు, కొంత ఒప్పుకుని కొంత మార్చుకోవచ్చు, పూర్తిగా ఎదిరించవచ్చు అని 1973లో ఆయన ప్రతిపాదించాడు. ఉపయోగకరమైన విభజన. కానీ కొట్టు ఆయనను ఈ మూడింటిలో ఎక్కడ పెడతారు? ఆయన సందేశాన్ని ఎదిరించలేదు. అది పూర్తిగా అందింది కాబట్టే టీవీ కట్టేశారు. ఆయన స్పందనను సినిమా మీద తీర్పుగా వాడుకునే హక్కు మనకు లేదు. అక్కడ విమర్శ ఆగిపోవాలి.

భౌతికశాస్త్రం అయ్యవారి మాటను మాత్రం అంత తేలిగ్గా వదలకండి. అతి తర్కం రసానికి శత్రువు అని మన వైపు ఒక తేలిక మాట ఉంది. సువిన్ చెప్పినట్టు కొత్త సంగతికి కథలోపల తర్కం ఉండాలి. తల్లిని ఎందుకు కాపాడలేం అన్నదానికి కథ చూపే కారణం యంత్రం నియమమే. ఆ నియమం మరోచోట సడలినట్టు అనిపిస్తే, తల్లి మరణం విధిలా కాక రచయిత ఇష్టంలా కనిపిస్తుంది. ఆయన కన్ను తడవకపోవడానికి కారణం హృదయం లేకపోవడం కాదు. ఈ కథలో కరుణ నిలబడిన స్తంభం కదిలినట్టు ఆయనకు ముందే తెలిసిపోయింది. నా మటుకు నాకు ఆ స్తంభం కొంచెం కదిలింది కానీ పడిపోలేదు. సిరివెన్నెల రాసిన అమ్మ పాట దాన్ని చాలాసేపు పట్టుకుని నిలబెట్టింది. పాట విరుగుడు అని అభినవగుప్తుడు అన్నది ఇందుకేనేమో.

మీరు చేయవలసిన పని

ఈ పాఠానికి అసైన్‌మెంట్ ఇది. మీరు ఇంట్లో చూసిన ఏదైనా సైన్స్ ఫిక్షన్ సినిమానో సిరీస్‌నో తీసుకోండి. దాన్ని చూసిన మరో ఇద్దరితో మాట్లాడండి. బాగుందా, ఏడిపించిందా అని అడగవద్దు. ఎక్కడ కదిలారు, ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ నమ్మకం పోయింది అని సన్నివేశంతో సహా అడిగి రాసుకోండి. ఎవరైనా చెప్పడానికి ఇష్టపడకపోతే గుచ్చి అడగవద్దు. మూడు స్పందనలూ వేరుపడిన ఒక్క సన్నివేశాన్ని ఎంచుకుని, ఆ సన్నివేశంలో ఏమి ఉండడం వల్ల అలా జరిగిందో నాలుగు పేజీల్లో రాయండి. మీ సొంత సంగతి రాయదలచుకుంటే రాయండి, కానీ మళ్లీ సన్నివేశం దగ్గరకు తిరిగి రండి. కథాసారాంశానికి అర పేజీ మించకూడదు.